వేలావదర్ గడ్డిలో హారియర్లు: గాలి చూసుకుని బండి ఆపాలి

డిసెంబరు చివర్లో మూడు రోజులు వేలావదర్‌లో ఉన్నాం. గుజరాత్‌లోని భావ్‌నగర్ జిల్లాలో, సుమారు 34 చదరపు కిలోమీటర్ల కృష్ణజింకల జాతీయ పార్కు ఇది. మేం వెళ్లింది మాత్రం హారియర్ గద్దల కోసం. చలికాలానికి వలస వచ్చే మాంటేగ్యూ, పాలిడ్, మార్ష్ హారియర్లు పగలంతా చుట్టుపక్కల తిరిగి, పొద్దుగుంకే వేళకు వందల్లో ఇక్కడి గడ్డిలో దిగి నేలమీదే పడుకుంటాయి.

హారియర్ గడ్డికి బారెడు ఎత్తున, గాలికి ఎదురుగా నెమ్మదిగా వెతుక్కుంటూ వస్తుంది. అందుకే లెన్స్ కంటే ముందు గాలి చూడాలి. మేమున్నప్పుడు గాలి ఈశాన్యం నుంచి వీచింది. పొద్దున బాటకు తూర్పు కొసన బండి ఆపితే పక్షి ఏటవాలుగా మనవైపే వస్తుంది, ఎండ మన వెనక నుంచి దాని మీద పడుతుంది. సాయంత్రం లెక్క తిరగబడుతుంది. సూర్యుడు నైరుతికి దిగాక వెలుగంతా తోక మీదే, మొహం నీడలో. అప్పుడు ఎదురొచ్చే ఫొటో మీద ఆశ వదులుకుని, పక్షి మలుపు కోసం కాచుకున్నాం. గడ్డిలో అలికిడి వినగానే అది రెక్క వాల్చి గిర్రున వెనక్కి తిరుగుతుంది. ఆ అర సెకను మొహం ఎండకు వస్తుంది.

500 మి.మీ. లెన్స్, ఎఫ్ 5.6, 1/2500 సెకను, ఆటో ఐఎస్ఓ (వెలుగుకు తగ్గ సున్నితత్వాన్ని కెమెరానే ఎంచుకుంటుంది). చిక్కంతా ఎక్స్‌పోజర్‌తోనే, అంటే ఫొటో ఎంత వెలుగుగా రావాలన్న లెక్కతోనే. మగ పాలిడ్ దాదాపు తెల్లగా ఉంటుంది. వెనక గోధుమరంగు గడ్డి ఉంటే కెమెరా గడ్డిని చూసి కొలుస్తుంది, ఈకల గీతలు తెల్లగా మాసిపోతాయి. ఎక్స్‌పోజర్‌ను మైనస్ 0.7కు తగ్గించాక ఈకలు నిలిచాయి. అదే పక్షి ఆకాశం మీదికి లేస్తే ప్లస్ 1 కావాలి. వేలు ఎక్స్‌పోజర్ మార్చే చక్రం మీదే ఉండాలి. ఫోకస్ కూడా గడ్డి కొసలకు అతుక్కుపోతుంది. ట్రాకింగ్‌ను (కదిలే పక్షిని ఫోకస్ వెంబడించే పద్ధతి) కొత్త వస్తువు వైపు తొందరగా దూకని సెట్టింగులో ఉంచి, పక్షి దూరంగా ఉన్నప్పుడే పట్టుకోవాలి.

కిటికీ మీద లెన్స్ ఆన్చడానికి బీన్‌బ్యాగ్ (గింజలు నింపిన సంచి), ఇంజన్ ఆపు. బానెట్ మీదుగా అసలు తీయకూడదు, వేడిగాలికి ఈకలు అలల్లా వంకర్లు పోతాయి. పది దాటాక నేల కూడా అదే పని చేస్తుంది. ఎంత ఖరీదైన లెన్స్ అయినా దూరపు ఫొటో మెత్తబడుతుంది. ఉప్పునేల దుమ్ములో లెన్స్ మార్చడమూ వద్దు.

జాతి తేల్చుకోవాలంటే రెక్క పైభాగం ఫ్రేములో ఉండాలి. మగ మాంటేగ్యూకు రెక్క మీద అడ్డంగా నల్లటి పట్టీ, మగ పాలిడ్‌కు కొసన సన్నటి నల్ల త్రికోణం. ఆడవాటిని మెడ చూసి పోల్చుకోవాలి: పాలిడ్‌కు పాలిపోయిన పట్టీ ఉంటుంది. పిల్లపక్షుల్ని ఒక్క ఫొటోతో తేల్చేస్తే పొరపాటే.

పొద్దుగుంకాక పడమటికి తిరిగి, ఆకాశానికి ఎక్స్‌పోజర్ పెట్టి, 1/1000 దగ్గర నీడబొమ్మలు తీశాం. ఫ్లాష్ వాడలేదు, అవి దిగే చోటికి బండి పోనివ్వలేదు. ఒక్కటి బెదిరి లేస్తే పక్కనున్నవీ లేచి, చీకట్లో మళ్లీ చోటు వెతుక్కోవాలి. చివరి పక్షి గడ్డిలోకి దిగేదాకా కదలకుండా ఉండి, నెమ్మదిగా వచ్చిన బాటనే వెనక్కి మళ్లాం.