దండెం లెక్క

ఆదివారం. పొద్దటి నుంచి ముసురు.

హన్మకొండలో శ్రావణం ముసురు పట్టిందంటే నిన్న ఆరేసిన తువ్వాల ఇవాళ సాయంత్రానికీ చెమ్మగానే ఉంటుంది. కవల పిల్లలకు ఏమేం కొనాలో తేల్చుకోవడానికి ఇలాంటి రోజే మంచిది. ఎండాకాలంలో రాసుకున్న జాబితా ముసురులో నిలబడదు.

ఒక బిడ్డకు రాసినవన్నీ రెండుతో గుణించడం అందరూ చేసే పని. డబ్బులు పోయేది అక్కడే. ఇద్దరూ ఒకే సమయంలో వాడేవి రెండు కావాలి: పడక, దోమతెర, కారు సీటు. వంతులవారీగా వాడేవి ఒక్కటి చాలు: స్నానం టబ్బు, థర్మామీటరు, గోళ్ల కత్తెర. తడిసేవాటికి మాత్రం పిల్లల లెక్క సరిపోదు, దండెం లెక్క కూడా కట్టాలి.

పుట్టిన కొత్తలో ఒక్కో బిడ్డకు రోజుకు పన్నెండు లంగోటీల దాకా పడతాయి. ఇద్దరికి 24. రాత్రిపూట, ఇద్దరికీ కలిపి ఆరు డైపర్లు వాడితే గుడ్డలు 18కి దిగుతాయి. ముసురులో ఉతికినవి ఆరడానికి రెండు రోజులు. అంటే దండెం మీద రెండు రోజులవి, చేతికింద ఒక రోజువి, మొత్తం 54. పాత నూలు చీర ఐదున్నర మీటర్లు, పన్నా 45 అంగుళాలు. 22 అంగుళాల చదరాలుగా కత్తిరిస్తే పన్నాకు రెండు, పొడవుకు తొమ్మిది, చీరకు 18 ముక్కలు. మూడు చీరలతో పని అయిపోతుంది. జరీ అంచు చీరలు వద్దు, గీసుకుపోతుంది. పాలియెస్టర్ కలిసిన చీర తడి పీల్చదు. అనుమానం ఉంటే ఒక దారం పోగు కాల్చి చూడాలి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది, పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. ఉతికేటప్పుడు మెత్తదనానికని, వాసనకని పోసే కండిషనర్ వద్దు. పోగు మీద పూతలా పట్టుకుని పీల్చే గుణం తగ్గిస్తుంది. దండెం గ్రిల్లు లోపలే కట్టాలి. ఇక్కడి కోతులకు క్లిప్పులు ఒక లెక్క కాదు.

డైపర్లు మూటగట్టి కొనొద్దు. కవలల్లో సగం మందికి పైగా 37 వారాలు నిండకముందే పుడతారు. రెండున్నర కిలోల లోపు బరువు మామూలే. అంత చిన్న తొడలకు మామూలు సైజు వదులై పక్కల నుంచి కారిపోతుంది. పైగా ఇద్దరూ ఒక్కలా పెరగరు. ఒకరు సైజు దాటేసరికి ఇంకొకరు పాతదాంట్లోనే ఉంటారు. ముందుగా ఒక్క చిన్న ప్యాకెట్ చాలు. అంగీలు కూడా అంతే. ముందువైపు ముడివేసేవి ఒక్కొక్కరికి ఆరు, టోపీలు మూడు. మిగతా డ్రెస్సులు 21వ రోజు ఫంక్షన్‌కు వచ్చేవాళ్లే తెస్తారు, అదీ ఎక్కువగా ఏడాది పిల్లల సైజువి.

"పుట్టకముందు ఏం కొనొద్దు బిడ్డా" అనే పెద్దమనిషి ప్రతి ఇంట్లో ఉంటుంది. ఆమెతో వాదించక్కర్లేదు. పాత చీర కత్తిరించడం కొన్నట్టు కాదు కదా. మిగతావాటికి ఏ షాపు, ఏ సైజు, ఎంత ధర అని కాగితం మీద రాసి మేనమామ చేతికో, బాబాయి చేతికో ఇస్తే సరి. కానీ నిర్ణయాలు మాత్రం ఏడో నెల దాటనివ్వొద్దు. సీమంతం అయిన నెలకే కాన్పు కావచ్చు.

చాలామంది మరిచిపోయేది తల్లిగారిల్లు. మూడో నెలో ఐదో నెలో దాకా బాలింత ఉండేది పరకాలలోనో, ములుగులోనో, జనగామలోనో. అత్తగారింట్లో బిగించిన నాలుగడుగుల చెక్క మంచం అప్పటిదాకా దుమ్ము పడుతుంది. మొదటి నెలలకు మడిచి ఆటోలో వేసుకుపోగలిగే పడక కావాలి. నేల మీద వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానా, దాని మీద పలచటి గట్టి పరుపు, బిడ్డకొకటి. పరుపు మీద అరచేయి అదిమి తీస్తే గుంట ఉండిపోకూడదు. ఒక్కొక్కరికి గొడుగు దోమతెర. తలకు గుండ్రటి ఆకారం రావాలని ఆవాల మెత్త కుట్టించడం రివాజే గానీ, నిద్రపోయే పసిబిడ్డ దగ్గర మెత్త ఏదీ ఉంచకూడదు. మొహం కిందికి వస్తే పక్కకు తిప్పుకునే బలం ఉండదు. వెల్లకిలా పడుకోబెట్టాలి. మెలకువగా ఉన్నప్పుడు, మనం ఎదురుగా ఉండి, కాసేపు బోర్లా వేస్తే తల వెనక చదును తగ్గుతుంది. చీరతో కట్టిన తొట్టెలలో చిన్న బిడ్డ గడ్డం ఛాతీకి ఆనుకుని ఊపిరి ఇబ్బంది అవుతుంది. ఇద్దరినీ ఒకదాంట్లో వేస్తే మరీ ప్రమాదం. తొట్టెల ఫంక్షన్ నాడు మనుషులంతా చుట్టూ ఉండగా సరే, రాత్రి నిద్రకు వద్దు.

బరువు తక్కువ పుడితే పిల్లల డాక్టరు కంగారూ పద్ధతి చెబుతారు: లంగోటి, టోపీ, సాక్స్‌తో బిడ్డను పెద్దవాళ్ల ఛాతీకి చర్మం ఆనేలా కట్టుకోవడం. రోజుకు 8 నుంచి 24 గంటలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు. ఇద్దరు బిడ్డలంటే ఒక్క తల్లితో రోజంతా సాగదు. తండ్రికి ముందు గుండీల చొక్కాలు నాలుగు, అమ్మమ్మకు వదులు జాకెట్లు, కట్టుకోవడానికి సాగే నూలు గుడ్డలు రెండు. జాబితాలో అన్నిటికంటే చవకైనవీ, అన్నిటికంటే ముందు రాయాల్సినవీ ఇవే.

పాలు పట్టడానికి కవలల కోసమని అమ్మే అర్ధచంద్రాకారం మెత్త తప్పనిసరేం కాదు. ఇద్దరికీ ఒకేసారి ఇవ్వాలంటే బిడ్డలు చెరో చంక కింద, కాళ్లు తల్లి వెనకవైపుకు ఉండాలి. బిడ్డ తల రొమ్ము ఎత్తుకు రావాలి. గట్టిగా దూది కూరిన రెండు మెత్తలు ఒకదాని మీద ఒకటి, రెండు పక్కలా, మొత్తం నాలుగు. ఫోమ్ మెత్త పది నిమిషాలకే కుంగి తల్లి నడుం వంగిపోతుంది. మొదటి వారాల్లో ఒక్కొక్కరికే పట్టి, నోరు సరిగ్గా పట్టడం వచ్చాకే జంటగా.

పాలసీసాలు కొని పెట్టుకోవద్దు. పసిపిల్లల పాల ప్రత్యామ్నాయాల మీద వచ్చిన 1992 చట్టం, దాని 2003 సవరణ ప్రకారం పాలసీసాలకూ డబ్బా పాలకూ ప్రకటనలే నిషేధం. పిండిన పాలు పట్టాల్సి వస్తే ఉగ్గు గిన్నెలు రెండు, మూలలు లేని నున్నటి స్టీలువి. మరిగించడం తేలిక. పాలు పిండే పంపు సంగతి పిల్లలు పుట్టాకే చూడాలి, వీలైతే అద్దెకు, రెండువైపులా ఒకేసారి పనిచేసేది. దాని గరాటు సైజు మిల్లీమీటర్లలో ఉంటుంది, సరిపోకపోతే నొప్పి పుట్టి పాలు కూడా తక్కువ వస్తాయి. పిండిన పాలు బయట నాలుగు గంటలు ఉంటాయనే లెక్క 25 డిగ్రీలకు. మన మే నెలకు అది వర్తించదు, పిండగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. అక్కడ నాలుగు రోజులు.

తోపుడు బండి ఆఖర్న. పక్కపక్కన కూర్చునే రకం సుమారు 30 అంగుళాల వెడల్పు. రెండున్నర అడుగుల తలుపు అంటే చౌకట్టుతో కలిపి. లోపల దొరికేది అంతకన్నా తక్కువే. లిఫ్టు తలుపూ టేపుతో కొలవాలి. ముందూ వెనకా కూర్చునే రకం తలుపు దాటుతుంది గానీ మలుపు తిరగదు, గట్టు ఎక్కదు. భద్రకాళి చెరువు బండ్ మీద ఏదైనా నడుస్తుంది, మన సందుల్లో ఏదీ నడవదు. ఒక బిడ్డకు చిన్న బండి, ఇంకో బిడ్డను ఎత్తుకునే ఛాతీ సంచి, నా ఓటు వీటికే. వాకర్ ఎవరైనా కానుకిచ్చినా తిప్పి పంపాలి. కెనడా 2004లో అమ్మకమే నిషేధించింది.

కారు సీట్లు వెనక రెండు బిగిస్తే చిన్న కార్లో మధ్యన మనిషి పట్టరు. తల్లి ముందు కూర్చోవాల్సిందే. సీటుకు కనీస బరువు ఎంతని రాసి ఉందో చూడకుండా కొనొద్దు.

ఆఖరుగా ఒక పొడుగాటి నోటుబుక్కు. సమయం, ఎవరు, పాలు, మూత్రం, మందు, ఐదు గడులు. అర్ధరాత్రి నిద్రమత్తులో ఒకరికే రెండుసార్లు విటమిన్ చుక్కలు వేసి, ఇంకొకరికి అసలు వేయకపోవడం కవలల ఇళ్లలో జరిగే పొరపాటు. ముందు పుట్టినవాళ్లకు ఎరుపు, రెండోవాళ్లకు ఆకుపచ్చ. టోపీ, ఉగ్గు గిన్నె మూత, మందు సీసా మీద చీటీ, అన్నీ ఆ రంగుల్లోనే. మెడలో, చేతికి దారాలు మాత్రం వద్దు. 21వ రోజు పేరు పెట్టేదాకా నోటుబుక్కులో రాసేదీ రంగే. పెన్నును దారంతో ఆ పుస్తకానికే కట్టేయాలి.