చలి వెళ్తున్న మిద్దెతోటలో ఆరు వారాలు

సంక్రాంతి వెళ్లిన పది రోజులకు మిద్దె మీద ప్రతి కుండీ దగ్గరా ఆగి, ఏ మొక్కను ఉంచాలో, దేనిని తీసేయాలో నోటుపుస్తకంలో రాసుకోవడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. హైదరాబాదులో చలికీ ఎండకూ మధ్య దొరికే వ్యవధి చాలా తక్కువ. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దలు చెప్పిన మాట మా మిద్దె మీద ఏటా నిజమవుతూనే ఉంది. ఆ తర్వాత మూడు నాలుగు వారాలు తిరిగేసరికి మధ్యాహ్నం పూట చెప్పులు లేకుండా అక్కడ నిలబడలేము. ఈలోగా పందిరి ఖాళీ చేసి, మట్టి సిద్ధం చేసి, బీర, కాకర గింజలు మొలిపించుకోలేకపోతే వేసవిలో ఇంటి కూర ఉండదు. అందుకే ఈ రోజుల్లో విత్తడం కన్నా తీసేయడమే ముఖ్యమైన పని అని నేను నమ్ముతాను. కష్టమైన పని కూడా అదే. 2025 జనవరి 25 నుంచి మార్చి 8 వరకు చూసినదీ చేసినదీ ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మా తోట దాదాపు 600 చదరపు అడుగులు. 200 లీటర్ల నీలిరంగు డ్రమ్ములను సగానికి కోయించిన తొట్లు 12, 20 లీటర్ల పెయింటు బకెట్లు 30, గ్రోబ్యాగులు 18 ఉన్నాయి. తూర్పు వైపు ఇనుప పైపులతో 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పున ఒక పందిరి వేయించాను. బరువైన తొట్లన్నీ దూలాల మీదుగానే పెట్టాను. మట్టి మిశ్రమం రెండు పాళ్లు ఎర్రమట్టి, రెండు పాళ్లు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరిపొట్టు. బకెట్‌కు గుప్పెడు చొప్పున వేపపిండి కలుపుతాను. నీరు బోరుదే.

జనవరి 25న ఉదయం ఆరు గంటలకు మిద్దె మీది థర్మామీటరు 15 డిగ్రీలు చూపించింది, మధ్యాహ్నం నీడలో 30 దాటింది. మనకు ఇంకా చలిగానే ఉన్నా, మొక్కలకు అప్పటికే సంగతి తెలిసిపోయింది. కొత్తిమీర బకెట్లు నాలుగింటిలోనూ అడుగు ఆకులు వెడల్పుగా, మామూలుగానే ఉన్నాయి కానీ, నడిమిలోంచి లేచిన కాడకు వచ్చిన కొత్త ఆకులు మాత్రం సన్నటి దారపు పోగుల్లా చీలి ఉన్నాయి. ఆ పోగులు కనిపించాయంటే మొక్క పూతకు తిరిగిందని అర్థం. పగలు పొడవు పెరిగి, వేడి తగిలినప్పుడు కొత్తిమీర, పాలకూర, మెంతి అన్నీ ఇదే దారి పడతాయి. కాడ తుంచితే మళ్లీ మంచి ఆకు వస్తుందని నేను రెండేళ్లు ప్రయత్నించాను. వచ్చిన ఆకు తక్కువ, వాసన కూడా తక్కువ. కాబట్టి ఈసారి మూడు బకెట్లు ఆ రోజే కోసి పచ్చడికి ఇచ్చేసి, ఒక్కదానిని పూతకు వదిలాను. దాని తెల్లటి పూల మీదికి చిన్న తేనెటీగలూ, మొక్కల రసం పీల్చే పేనుబంకను తినే పురుగుల తల్లులూ వచ్చి చేరతాయి. మార్చి చివరికి గింజ కూడా దొరుకుతుంది. క్యాబేజీలు ఆరింటిలో నాలుగు అప్పటికే కోశాము, మిగిలిన రెండూ ఫిబ్రవరి మొదటి వారంలో కోశాము. గట్టిపడిన గడ్డను ఇంకా పెరుగుతుందని ఉంచితే, ఎండ ముదిరాక ఒకే ఒక్కసారి ఎక్కువ నీళ్లు పోసినా పగిలిపోతుంది.

చిక్కుడు గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి. శ్రావణంలో పెట్టిన పాదు పొద్దు తగ్గిన తర్వాతే పూతకు వచ్చి, జనవరి అంతా వారానికి కిలోకు తగ్గకుండా కాయ ఇచ్చింది. మనం పండించే పాత రకాల చిక్కుడు పగలు కురచబడితే తప్ప పూయదు. పొద్దు పెరిగే కొద్దీ పూత పలచబడుతుంది. జనవరి చివరికి లేత పూకాడల మీద నల్లటి పేనుబంక గుంపులు గుంపులుగా పట్టింది, వెంట చీమలు బారులు తీరాయి. మొదట మూడు రోజులు గొట్టంతో నీటిని గట్టిగా కొట్టి దులిపాను. తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీటిలో కలవడానికి కాస్త కుంకుడుకాయ రసం చేర్చి సాయంత్రం పిచికారీ చేశాను. రెండోసారి కొట్టబోతూ ఒక కాడను దగ్గరగా పట్టుకుని చూస్తే, పేనుబంక మధ్యలో బియ్యపుగింజంత నల్లటి పురుగు, ఒంటి మీద నారింజరంగు చుక్కలతో, చిన్న మొసలిపిల్లలా పాకుతూ కనిపించింది. అది అక్షింతల పురుగు పిల్ల. ఒక్కొక్క పేనునూ నోటకరచుకుని తింటోంది. వెంటనే మందు కొట్టడం ఆపేశాను. వారం తిరిగేసరికి ఆ కాడలు చాలావరకు శుభ్రపడ్డాయి. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. వంగ ఆకులను జల్లెడలా గీకి తినే పురుగును కూడా మన వాళ్లు అక్షింతల పురుగు అనే అంటారు. మేలు చేసే దాని వీపు నున్నగా మెరుస్తుంది, వంగను తినే దాని వీపు మీద సన్నటి నూగు ఉండి మెరుపు లేకుండా కనిపిస్తుంది. చంపే ముందు ఆ ఒక్క తేడా చూసుకోవడం మంచిది.

అంత ఇష్టంగా కాపాడుకున్న చిక్కుడు పాదును ఫిబ్రవరి 16, ఆదివారం నాడు నేనే కోసేశాను. అప్పటికి పందిరి కొసన ఇంకా ఊదారంగు పూత ఉంది. "పూత మీదున్న పాదును పీకుతావేంరా" అని అమ్మ బాధపడింది. ఆమె బాధ నాకూ ఉంది. అయితే మాకు ఉన్నది ఒక్కటే పందిరి. కిందటేడాది చిక్కుడును శివరాత్రి దాటే వరకు ఉంచినందుకు బీర ఏప్రిల్‌లో పందిరి ఎక్కింది, ఆ ఎండలకు మగపూలే తప్ప పిందెలు సరిగా రాలేదు. పదిహేను రోజుల చిక్కుళ్ల కోసం రెండు నెలల బీరకాయలు పోగొట్టుకున్నాము. ఈసారి పాదును పీకకుండా మొదలు దగ్గర కోసి, వేళ్లను మట్టిలోనే వదిలాను. వేళ్లు లోపలే చివికితే మట్టి గుల్లబారుతుంది. తీగను చిన్న ముక్కలుగా నరికి కంపోస్టు డ్రమ్ములో వేశాను, పేనుబంక ఇంకా ఉన్న కొనలను మాత్రం సబ్బునీళ్ల బకెట్‌లో ముంచి పారేశాను. విత్తనానికి ముందే గుర్తుపెట్టి వదిలిన కాయలు తీగ మీదనే ఎండాయి. వాటిని నీడలో మరో వారం ఆరబెట్టి, గింజలు ఒలిచి, బూడిద కలిపి సీసాలో పెట్టాను.

బీర గింజల విషయంలో నేను చేసిన పొరపాటు ఒకటి ఉంది. తొందరపడి జనవరి 26న ఎనిమిది గింజలను ట్రేలో పెట్టి మిద్దె మీదనే ఉంచాను, రోజూ సాయంత్రం నీళ్లు చల్లాను. తొమ్మిది రోజులకు ఒక్కటే మొలిచింది. తవ్వి చూస్తే మిగిలినవి మెత్తబడి కుళ్లిపోయాయి. రాత్రి చలికి మట్టి చల్లగా ఉంటుంది, దానికి తోడు సాయంత్రం పోసిన తడి తెల్లవారే వరకు ఆరదు. బీర, కాకర, సొర లాంటి తీగజాతి గింజలకు వెచ్చదనం లేకుండా తడి మాత్రమే ఇస్తే జరిగేది ఇదే. ఫిబ్రవరి 6న రెండోసారి ప్రయత్నించాను. బీర గింజలను 12 గంటలు నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, స్టీలు డబ్బాలో పెట్టి వంటింట్లో పొయ్యి గట్టు దగ్గర ఉంచితే మూడో రోజుకే తెల్లటి మొలక బయటికి వచ్చింది. కాకర గింజ పెంకు మందంగా ఉంటుంది కాబట్టి మొనను గోళ్లకత్తెరతో కొద్దిగా కత్తిరించి, 24 గంటలు నానబెట్టాను. వాటికి ఆరు రోజులు పట్టింది. మొలకెత్తిన గింజలను అడుగున చిల్లు పెట్టిన కాగితపు కప్పుల్లో వేశాను. ఈ జాతి మొక్కలు వేరు కదిలితే తట్టుకోలేవు కాబట్టి, రెండు అసలు ఆకులు వచ్చాక ఫిబ్రవరి 23న కప్పును చించి, మట్టి ముద్ద విడిపోకుండా పందిరి కింది తొట్లలోకి దించాను. ఒక్కో తొట్టికి రెండు మొక్కలకు మించి పెట్టలేదు. బెండ మాత్రం ఫిబ్రవరి 10న నేరుగా బకెట్లలో విత్తాను. ఆకుల ఈనెలు పసుపుబారే పల్లాకు తెగులును తట్టుకునే అర్క అనామిక రకం గింజలు వేశాను, ఎందుకంటే ఆ తెగులును మోసుకొచ్చే తెల్లదోమ ఎండాకాలంలో మా దగ్గర చాలా ఎక్కువ.

ఎరువు దగ్గర ఇంకో దెబ్బ తిన్నాను. చివికిన పశువుల ఎరువు అని చెప్పి అమ్మిన ఒకరి దగ్గర మూడు బస్తాలు తెప్పించి, చూసుకోకుండా రెండు వంగ తొట్లలో వేశాను. నాలుగు రోజులకు నారు వాడిపోయింది. మట్టిని కెలికితే అర్ధచంద్రాకారంలో ముడుచుకున్న తెల్లటి వేరుపురుగులు తొమ్మిది దొరికాయి. వాటిని పిట్టగోడ మీద పెడితే గోరువంకలు క్షణాల్లో ఎత్తుకుపోయాయి. మిగిలిన ఎరువును నీడలో కుప్పపోసి, తడి ఆరకుండా చూస్తూ, వారానికోసారి తిరగేస్తున్నాను. బస్తా లోపలికి మోచేతి వరకు చెయ్యి పెట్టి చూసినప్పుడు వెచ్చగా తగిలినా, పేడ వాసన వచ్చినా అది ఇంకా మొక్కలకు పనికిరాదు. మన్ను వాసన రావాలి, చేతిలో పొడిపొడిగా రాలాలి.

మిరపలో ముడత ఫిబ్రవరి రెండో వారంలో మొదలైంది. ముడత ఎటు తిరిగిందో చూడకుండా మందు కొట్టడం వృథా. ఆకు అంచులు పైకి లేచి దోనెలా ముడుచుకుంటే అది తామరపురుగుల పని, అంచులు కిందికి వంగి ఆకు కాడ సాగితే నల్లి (ఆకుల రసం పీల్చే, కంటికి ఆనని సన్నటి పురుగు) పని. మా మొక్కల కొమ్మను తెల్లకాగితం మీద తట్టి చూస్తే సన్నటి పసుపుపచ్చ నలుసులు కదిలాయి, కాబట్టి తామరపురుగులే. నీలిరంగు జిగురు అట్టలు రెండు కట్టాను. లీటరుకు 50 గ్రాముల చొప్పున వేపగింజల పొడిని రాత్రంతా నానబెట్టి, వడకట్టి, వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేశాను. పాత ఆకులు బాగుపడలేదు, కొత్త చిగురు మాత్రం చదునుగా వస్తోంది.

గుండుమల్లె రెండు మొక్కలకు జనవరి రెండో వారం నుంచి నీళ్లు బాగా తగ్గించి, 26న కొమ్మలను జానెడు ఎత్తుకు కత్తిరించి, ఉన్న ఆకంతా దూసేశాను. తర్వాత వేళ్ల చుట్టూ మట్టిని గుల్లచేసి, ఎరువు వేసి, మళ్లీ నీరు పెట్టాను. మార్చి 5న మొదటి మొగ్గలు చూశాను. చామంతి పూత అయిపోయాక నాలుగు అంగుళాలకు కోసి పిలకలను నీడకు మార్చాను. నిమ్మ కొత్త చిగురు మీద పిట్టరెట్టలా కనిపించే గొంగళిపురుగులు నాలుగు ఉంటే చేత్తో ఏరేశాను.

ఫిబ్రవరి మూడో వారం నుంచి నీళ్లు పోసే పద్ధతి మార్చాను. అంతవరకు రోజు విడిచి రోజు సరిపోయేది, ఇప్పుడు రోజూ ఉదయం ఏడు గంటలలోపు పోస్తున్నాను. అయినా అన్నింటికీ ఒకేలా కాదు. వేలిని రెండు కణుపుల లోతు దింపి, తడి తగిలితే ఆ కుండీని వదిలేస్తాను. మా బోరు నీటిలో ఉప్పు ఎక్కువ కాబట్టి బకెట్ల అంచున, మట్టి మీద తెల్లటి పొర కడుతుంది, ఆకుల అంచులు మాడతాయి. పదిహేను రోజులకోసారి ఆ పొరను అర అంగుళం మేర గీకి తీసేసి, అడుగు చిల్లుల్లోంచి ధారగా కారే వరకు నీరు పోస్తున్నాను. ఇదే సమయంలో మా వీధి వేపచెట్లు ఆకు రాలుస్తాయి. ఊడ్చి తగలబెట్టబోతున్న రెండు బస్తాల ఆకును అడిగి తెచ్చుకుని, అన్ని కుండీల మీదా రెండు అంగుళాల మందాన పరిచాను. తేడా మూడో రోజుకే తెలిసింది. ఆకు పరిచిన బకెట్‌లో సాయంత్రానికి కూడా వేలికి చల్లగా తగిలింది, పరచని దానిలో పైమట్టి బీటలిచ్చింది.

మార్చి 1న పడమటి వైపు మాత్రమే సగం ఎండను ఆపే 50 శాతం పచ్చ షేడ్‌నెట్ కట్టాను. మిద్దె అంతా కప్పేయమని సలహా ఇచ్చేవారు ఉన్నారు కానీ, కాయగూరలకు కనీసం ఐదారు గంటల ఎండ కావాలి, తేనెటీగలకు దారి కావాలి. మధ్యాహ్నం రెండు తర్వాత వచ్చే ఎండను ఆపితే చాలునన్నది నా అనుభవం. అక్టోబరులో నారు పోసిన అర్క రక్షక్ రకం టమాటాలు ఇంకా కాస్తున్నాయి. రాత్రుళ్లు వెచ్చబడే కొద్దీ పూత రాలిపోతోంది కాబట్టి, ఉన్న కాయలు పండగానే, ఉగాది లోపల వాటినీ తీసేస్తాను.

మార్చి 8 ఉదయం బీరపాదులు నాలుగూ రెండు అడుగులు దాటాయి. మొదటి వారంలో ఎర్రటి గుమ్మడి పెంకుపురుగులు వచ్చి ఒక పాదు ఆకును చిల్లులు చేశాయి. తెల్లవారుజామున అవి చురుకుగా ఎగరలేవు కాబట్టి ఆ వేళకు వెళ్లి ఏరి, ఆకుల మీద జల్లించిన బూడిద చల్లాను. ఈ ఉదయం ఒక పాదు నులితీగ పురికొసను అందుకుంది. నిన్న సాయంత్రం నిటారుగా గాలిలో ఊగుతున్న తీగ, తెల్లారేసరికి కొసన మూడు చుట్లు చుట్టుకుని, మధ్యలో స్ప్రింగులా మెలితిరిగి మొక్కను దారం వైపు లాక్కుంటోంది. బీరపూలు సాయంత్రం పూట విచ్చుకుంటాయి కాబట్టి, పూత మొదలయ్యాక ఆరు గంటల ప్రాంతంలో మిద్దె మీద ఉండి మగపువ్వు పుప్పొడిని పిందె ఉన్న పువ్వుకు అద్దాలి. దానికి ఇంకా రెండు మూడు వారాలు ఉంది. ఈ ఆదివారం కాకర తొట్ల నుంచి పందిరికి పురికొసలు కట్టాలి, నీడలో కుప్పపోసిన ఎరువు చివికిందో లేదో చెయ్యి పెట్టి చూడాలి.