మూత్రంలో రక్తం ఆగిపోయిన తరువాత

మూత్రం ఎర్రగా వస్తే మన ఇళ్లలో మొదట వినిపించే మాట ‘ఒంట్లో వేడి చేసింది’ అన్నదే. బార్లీ నీళ్లో కొబ్బరి నీళ్లో తాగుతారు, రెండు రోజుల్లో ఎరుపు పోతుంది, వైద్యం ఫలించిందని ఇంటిల్లిపాదీ నమ్ముతారు. మూత్రాశయ క్యాన్సర్‌లో అసలు ప్రమాదం ఈ నమ్మకమే, ఎందుకంటే గడ్డ నుంచి వచ్చే రక్తం ఏ మందూ వాడకపోయినా తనంతట తానే ఆగిపోయి, వారాలకో నెలలకో మళ్లీ కనిపించవచ్చు.

నొప్పి, మంట ఉంటే ఎవరైనా డాక్టరు దగ్గరకు వెళతారు. నొప్పి లేకుండా కంటికి కనబడేలా రక్తం పడినప్పుడే, అది ఒక్కసారే అయినా, యూరాలజిస్టును (మూత్ర వ్యాధుల నిపుణుణ్ణి) తప్పక కలవాలి. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలను సూచించే నైస్ సంస్థ మార్గదర్శకాల ప్రకారం 45 ఏళ్లు, ఆపైన వయసున్నవారికి ఇన్‌ఫెక్షన్ లేకుండా రక్తం కనిపించినా, ఇన్‌ఫెక్షన్‌కు మందు వాడాక కూడా అది ఆగకపోయినా, తిరగబెట్టినా, ఆలస్యం చేయకుండా నిపుణుల వద్దకు పంపాలి. రక్తాన్ని పలుచబరిచే మాత్రలు వాడుతున్నారన్న కారణంతో పరీక్షలు మానేయడం సరికాదు. స్త్రీల విషయంలో ఆలస్యం ఇంకా ఎక్కువ: ఇన్‌ఫెక్షన్ ఉందో లేదో తేల్చే కల్చర్ పరీక్ష చేయించకుండానే యాంటీబయోటిక్ కోర్సు మీద కోర్సు రాసిచ్చే అలవాటును నేను సమర్థించలేను. (క్షయకు వాడే రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రబడుతుంది, అది రక్తం కాదు. మామూలు మూత్ర పరీక్షతోనే ఆ తేడా తేలిపోతుంది.)

అల్ట్రాసౌండ్‌లో ‘అంతా నార్మల్’ అని వచ్చినా నిశ్చింతగా ఉండకూడదు. కిడ్నీలోని గడ్డలు చాలావరకు వేరే కారణానికి చేసిన స్కానింగ్‌లోనే బయటపడుతున్న మాట నిజమే గానీ, మూత్రాశయపు గోడకు అంటుకుని ఉన్న చిన్న, చదునైన గడ్డలు దానికి చిక్కకపోవచ్చు. మూత్రంలోని కణాలను చూసే సైటాలజీ కూడా తీవ్రత తక్కువగా ఉన్న గడ్డలను తరచు పట్టుకోలేదు. అందుకే సన్నని గొట్టంలోంచి లోపలి గోడనంతా కళ్లారా చూసే సిస్టోస్కోపీ అవసరమవుతుంది. చాలామంది భయపడే ఈ పరీక్షను మత్తు జెల్ రాసి కొద్ది నిమిషాల్లో ముగిస్తారు.

ఈ జబ్బుకు అన్నిటికంటే పెద్ద కారణం పొగతాగడం. రంగుల పరిశ్రమలో పనిచేసేవారికి కూడా ఇది వస్తోందని 1895లోనే జర్మన్ శస్త్రవైద్యుడు లుడ్విగ్ రేన్ గమనించారు. కాబట్టి సిగరెట్టో బీడీయో ఎప్పుడో మానేసినవారు కూడా, రంగులు, రసాయనాల మధ్య పనిచేసినవారు కూడా, డాక్టరు అడగకపోయినా ఆ విషయాన్ని తామే చెప్పాలి.