కాంపాక్ట్ కెమెరా ఉందా? డయల్‌ని పీ మీదకు తిప్పండి

జేబులో పట్టే డిజిటల్ కెమెరాలు మళ్లీ చాలామంది చేతుల్లో కనిపిస్తున్నాయి. చెన్నైలో ఉన్న మనవాళ్లు పొద్దున మెరీనాలోనో, సాయంత్రం మైలాపూర్ మాడవీధుల్లోనో వాటితో ఫొటోలు తీస్తారు. ఇంటికొచ్చి చూస్తే ముఖాలు నల్లగా, గోపురం మసగ్గా ఉంటాయి. చాలావరకు అది డయల్ ఆటో మీదే ఉండిపోవడం వల్ల వచ్చే తంటా.

ఆటోలో ఫ్లాష్ ఎప్పుడు వెలగాలో, వెలుగుకు కెమెరా ఎంత సున్నితంగా స్పందించాలో చెప్పే ఐఎస్ఓ ఎంత పెరగాలో కెమెరాయే తేల్చేస్తుంది. పీ (ప్రోగ్రామ్) మోడ్‌లోనూ ఎపర్చర్ (లెన్స్ రంధ్రం సైజు), షట్టర్ (వెలుగు పడే సమయం) అదే చూసుకుంటుంది గానీ ఫ్లాష్, ఐఎస్ఓ, రంగుల ఛాయను సరిచేసే వైట్ బ్యాలెన్స్ మన చేతికొస్తాయి. వీటన్నిటికంటే విలువైనది ఫొటో వెలుగును పెంచే, తగ్గించే ప్లస్, మైనస్ గుర్తులున్న ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్. చాలా మోడళ్లలో -2 నుంచి +2 దాకా, ఒక్కో మెట్టు 1/3 చొప్పున ఉంటుంది.

మెరీనాలో సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు. అలల వైపు వీపు పెట్టి నిలబడ్డ మనిషిని తీస్తే ఫ్రేములో సగానికి పైగా మెరిసే నీళ్లు, ఆకాశమే. ఎదురుగా ఏమున్నా సగటున మధ్యస్థపు బూడిదరంగుకు తేవాలని వెలుగు కొలిచే మీటర్ చూస్తుంది కాబట్టి మొత్తం వెలుగు తగ్గించేస్తుంది, ముఖం మాడిపోతుంది. +1 పెడితే ముఖం తేరుకుంటుంది, వెనక ఆకాశం కాస్త తెల్లబోతుంది. రెండూ కావాలంటే మనిషికి రెండు మీటర్ల లోపు నిలబడి, ఫ్లాష్‌ని ఆటో నుంచి ఎప్పుడూ వెలిగేలా మార్చండి. పగలే ఫ్లాష్ ఎందుకని కొట్టిపారేయొద్దు, దాని అసలు ప్రయోజనం ఇక్కడే. మనుషులు లేకుండా ఆకాశం రంగులే కావాలంటే -2/3 చాలు. వైట్ బ్యాలెన్స్‌ని మాత్రం ఎండ గుర్తు మీద పెట్టాలి, ఆటోలో వదిలేస్తే ఆ నారింజ రంగును సరిదిద్దబోయి చప్పగా చేసేస్తుంది. సీన్ మోడ్‌లలో (సందర్భాన్ని బట్టి కెమెరాలో ముందే ఉంచిన సెట్టింగులు) సన్‌సెట్ చేసేదీ ఇంచుమించు ఇదే.

రాత్రి సంగతి వేరు. కపాలీశ్వరాలయ గోపురం మీదకు ఫ్లాష్ కొట్టడం దండగ. ఈ చిన్న ఫ్లాష్ మూడు నాలుగు మీటర్లు దాటదు, ముందున్న వాళ్ల తలలే తెల్లగా పడతాయి. ఫ్లాష్ ఆపేసి, ఐఎస్ఓ 100 లేదా 200కి తగ్గించి, కెమెరాను కోనేటి గట్టు మీద కదలకుండా ఆనించి, 2 సెకన్ల టైమర్ పెట్టండి. బటన్ నొక్కిన అదురు ఆ రెండు సెకన్లలో సద్దుమణుగుతుంది. చేత్తో పట్టుకుని తీయక తప్పకపోతే 400 దాకా వెళ్లొచ్చు. ఈ కెమెరాల్లో ఎక్కువ వాటి సెన్సర్ (వెలుగును పట్టే చిప్) సుమారు 6.2 × 4.6 మిల్లీమీటర్లే, అందుకే 800 దాటితే శిల్పాల గీతలు అలికేసినట్టు అవుతాయి.

గోపురం ముందు మనిషి కూడా కావాలంటే నైట్ పోర్ట్రెయిట్ అనే సీన్ మోడ్ పెట్టండి. ఫ్లాష్ మనిషిని వెలిగిస్తుంది, ఆ తర్వాత కూడా షట్టర్ కాసేపు తెరిచే ఉండి వెనక దీపాల వెలుగు తీసుకుంటుంది. అందరూ ఫ్లాష్ వెలగ్గానే అయిపోయిందనుకుని కదిలిపోతారు, ఫొటోలో ముఖం చుట్టూ దెయ్యంలా నీడ పడుతుంది. "చెప్పేదాకా కదలొద్దు" అని ముందే చెప్పండి.

మాక్రో అంటే పువ్వు గుర్తు. జూమ్ పూర్తిగా వెనక్కి లాగినప్పుడే లెన్స్‌ను అతి దగ్గరకు, కొన్నిట్లో 5 సెంటీమీటర్ల దాకా తీసుకెళ్లొచ్చు. జూమ్ చేసి దగ్గరకు వెళ్తే ఫోకస్ చతురస్రం ఆకుపచ్చగా మారదు, అయినా నొక్కేస్తే మసక. ముగ్గు గీతనో మల్లెమొగ్గనో అంత దగ్గరగా తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు, లెన్స్ గొట్టం నీడే అడ్డం పడుతుంది. డిజిటల్ జూమ్‌ను మెనూలోనే ఆపేయండి, అది ఫొటోను కత్తిరించి పెద్దది చేయడమే.

వీడియోలో ట్యూబ్‌లైట్ల కింద నల్ల చారలు పాకుతుంటే మెనూలో వీడియో సిస్టమ్ దగ్గర ఎన్‌టీఎస్‌సీ తీసేసి పాల్ పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్, పాల్‌లోని సెకనుకు 25 ఫ్రేములు దానికి జతపడతాయి.

ఇక చెన్నై గాలి. ఏసీ గదిలోంచి నేరుగా బయటకు తెస్తే ఆ ఉక్కకు లెన్స్ మీద తేమ పట్టేస్తుంది. తుడిచినా మళ్లీ పడుతుంది. ముందే జిప్ కవర్లో వేసి బయటకు తెచ్చి, పావుగంట అలాగే ఉంచి అప్పుడు తీయండి. బీచ్‌లో గాలి వీస్తున్నప్పుడు లెన్స్ బయటకు చాచి తిరగొద్దు. గొట్టాల మధ్య నాలుగు ఇసుక రేణువులు దూరినా లెన్స్ ఎర్రర్ అని ఆగిపోతుంది, బలవంతంగా తోస్తే లోపలి పళ్లచక్రాలు విరుగుతాయి. చేతితో ఊదే రబ్బరు బ్లోయర్‌తో, లెన్స్ కిందకు ఉండేలా పట్టుకుని ఊదడమే మంచిది.