బొమ్మ ఉంది, మాట లేదు

ఆదివారం. పొద్దున పదింటికి హాల్లో టీవీ నడుస్తోంది కానీ దాని కింద ఉండే పొడవాటి స్పీకర్, సౌండ్‌బార్, మూగగా ఉంది. రాత్రి దాకా బాగానే మోగింది. మధ్యలో ఒకసారి కరెంటు పోయి వచ్చింది, అంతే.

ఆ ఒక్క మాటతో సగం సంగతి తేలిపోతుంది. టీవీ, బార్ తమని కలిపే హెచ్‌డీఎంఐ తీగ (బొమ్మనీ శబ్దాన్నీ మోసేది) మీద ముందు ఒకదాన్నొకటి పలకరించుకోవాలి. దానికి 13వ పిన్ మీద సీఈసీ అని, పరికరాలు ఒకదానికొకటి ఆదేశాలు పంపుకునే వేరే దారి ఉంది. కరెంటు తిరిగి రాగానే రెండూ ఒకేసారి లేస్తాయి. టీవీ పలకరించే సమయానికి బార్ ఇంకా తేరుకోకపోతే, అవతల ఎవరూ లేరనుకుని టీవీ తన సొంత స్పీకర్‌కి వెళ్లిపోతుంది. ఒక్కోసారి ఎటూ వెళ్లక మధ్యలో ఇరుక్కుంటుంది. రిమోట్‌తో ఆపి వేస్తే ఇది పోదు, ఎందుకంటే స్టాండ్‌బైలో ఆ పాత లెక్క అలాగే ఉండిపోతుంది. టీవీ, బార్, సెట్‌టాప్ బాక్స్ మూడింటినీ గోడ దగ్గర స్విచ్ ఆపి, హెచ్‌డీఎంఐ తీగ రెండు కొసలూ పీకి, రెండు నిమిషాలు వదిలేయాలి. తరవాత తీగ గుచ్చి, ముందు టీవీ వేసి హోమ్ స్క్రీన్ వచ్చాక బార్ వేయాలి. పొద్దుటి గొడవ ఇక్కడితోనే తీరింది.

తీగ ఎలాగూ బయటికొచ్చింది కాబట్టి అది ఏ రంధ్రంలో ఉందో కూడా చూడటం మంచిది. టీవీ వెనక మూడు నాలుగు హెచ్‌డీఎంఐలు ఉన్నా, ఏఆర్‌సీ (ఆడియో రిటర్న్ చానల్, టీవీ శబ్దం బార్‌కి వెళ్లే దారి) లేదా దాని కొత్త రకం ఈ-ఏఆర్‌సీ అని రాసి ఉన్నది సాధారణంగా ఒక్కటే. బార్ వైపు ఇంకో తికమక ఉంది. శబ్దం బార్‌లోకి వెళ్తుంది కదా అని చాలామంది ‘ఇన్’ అన్న దాంట్లో గుచ్చుతారు. గుచ్చాల్సింది ‘అవుట్’ లేదా ‘టీవీ ఏఆర్‌సీ’ అన్న దాంట్లో. ఆ తీగ అసలు పని బొమ్మను టీవీకి పంపడం. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో అదే తీగ మీద శబ్దం ఎదురు దిశలో వెనక్కి రావడం మొదలైంది. పేరులో ‘రిటర్న్’ అని ఉన్నది అందుకే. ఆ వెనక్కి వచ్చే శబ్దం 14వ పిన్ మీద నడుస్తుంది, బొమ్మకి ఆ పిన్‌తో పని లేదు. కాబట్టి ‘ఇదే తీగతో సెట్‌టాప్ బాక్స్ బొమ్మ బాగానే వస్తోంది, తీగ మంచిదే’ అనే వాదన ఇక్కడ చెల్లదు.

సీఈసీని మెనూలో ఆన్ చేద్దామంటే ఆ పేరుతో ఎక్కడా కనిపించదు. శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్, ఇలా తలా ఒక పేరు పెట్టుకున్నారు.

అన్నీ సరిగ్గా ఉండి కూడా శబ్దం రాకపోతే టీవీ సౌండ్ మెనూలో డిజిటల్ అవుట్‌పుట్‌ను ‘ఆటో’ నుంచి ‘పీసీఎం’కి మార్చి చూడాలి. పీసీఎం అంటే విప్పేసిన శబ్దం, ఏ బార్ అయినా దాన్ని మోగించగలదు. పీసీఎంలో వచ్చి ఆటోలో రాకపోతే తీగ తప్పు కాదు, టీవీ పంపుతున్న డాల్బీనో డీటీఎస్‌నో (శబ్దాన్ని కుదించి కట్టే పద్ధతులు) ఆ బార్ విప్పలేకపోతోందని అర్థం. పెన్‌డ్రైవ్‌లో సినిమా బొమ్మ మాత్రమే ఆడి మాట రాకపోతే మొదటి అనుమానం డీటీఎస్ మీదే. కొన్ని టీవీలు దాన్ని అసలు విప్పవు. అలాంటప్పుడు బార్‌ను ఎన్నిసార్లు రీసెట్ చేసినా వృథా.

మధ్యాహ్నం వార్తలు పెట్టాక అసలు చిక్కు బయటపడింది: పెదవులకీ మాటకీ పొత్తు కుదరడం లేదు. ఈ తేడా ముందొచ్చినా వెనకబడినా ఒకేలా కనపడదు. ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) సిఫారసు బీటీ.1359 లెక్క ప్రకారం శబ్దం బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనిషి పసిగడతాడు. వెనకబడితే 125 దాకా పట్టించుకోడు. మెరుపు ముందు, ఉరుము తరవాత. పుట్టినప్పటి నుంచీ ఆ వరసకే అలవాటు పడ్డాం కాబట్టి, ఉరుము ముందొస్తేనే ఎబ్బెట్టుగా ఉంటుంది.

పరీక్షకి డబ్బింగ్ సినిమా పెట్టుకోకూడదు. అది ఏ టీవీలోనూ కలవదు, కలపడానికి కూర్చుంటే సాయంత్రం అయిపోతుంది. తెలుగు వార్తలు చదివేవాళ్ల ముఖం దగ్గరగా కనపడే చానల్ చాలు. ప, బ, మ పలికేటప్పుడు పెదవులు తప్పనిసరిగా మూసుకుంటాయి. వ్యాకరణంలో వాటిని ఓష్ఠ్యాలన్నది అందుకే. ‘ప్రభుత్వం’ అన్నప్పుడు పెదవులు విడిపోయే క్షణాన్నే చూడాలి.

మాట ముందొస్తోందా, వెనకొస్తోందా అన్నది ముందు తేల్చుకోవాలి, మందు రెండింటికీ ఒకటి కాదు. ముందొస్తుంటే సులువు. టీవీ బొమ్మకి మెరుగులు దిద్దుతూ ఆలస్యం చేస్తోందన్న మాట. బార్‌లో ‘ఆడియో డిలే’ని 10 మిల్లీసెకన్ల చొప్పున పెంచుకుంటూ పోవాలి. 25 ఫ్రేముల ప్రసారంలో ఒక్క ఫ్రేముకి 40 మిల్లీసెకన్లు, కాబట్టి 10 కంటే చిన్న అడుగులు వేసినా తేడా తెలియదు.

వెనకబడుతుంటే చిక్కు. బార్ శబ్దాన్ని ఆపి ఉంచగలదు కానీ ఇంకా రానిదాన్ని ముందుకు లాగలేదు. అందుకే ముందు డిలేని సున్నా చేయాలి. బ్లూటూత్‌లో కలిపి ఉంటే తీసి తీగ పెట్టాలి, ఎందుకంటే మామూలు బ్లూటూత్ ఒక్కటే 150 నుంచి 250 మిల్లీసెకన్లు తినేయగలదు. టీవీలో ‘పాస్ త్రూ’ ఉంటే పెట్టి చూడాలి, అప్పుడు టీవీ శబ్దాన్ని విప్పి మళ్లీ కట్టే పని ఉండదు. బార్‌లో సరౌండ్ మాయలు ఆపేయాలి. సెట్‌టాప్ బాక్స్, యూట్యూబ్, పెన్‌డ్రైవ్ మూడింటికీ ఆలస్యం మూడు రకాలుగా ఉంటుంది. ఇంట్లో ఎక్కువ చూసేదానికి సరిచేసుకోవడం మేలు. ఇవాళ ఇక్కడ మాట ముందొస్తోంది కాబట్టి, సెట్‌టాప్ బాక్స్‌కి డిలే 60 మిల్లీసెకన్ల దగ్గర కుదిరింది.

సాయంత్రం నిశ్శబ్దంలో సన్నగా ‘మ్‌’ అని మోత వినపడింది. వాల్యూమ్ తగ్గించినా తగ్గదు. కరెంటు 50 హెర్ట్జ్ మోత ఇది. కేబుల్ టీవీ ఉన్న ఇళ్లలో మొదట చేయాల్సింది గోడ నుంచి వచ్చే కేబుల్ వైరు పీకి చూడటం. మోత ఆగితే బార్ మంచిదే, కేబుల్ వైపు ఎర్త్‌కీ ఇంటి ఎర్త్‌కీ మధ్య సన్నటి కరెంటు చుట్టు తిరుగుతోంది. టీవీ, బాక్స్, బార్ మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెడితే చాలాసార్లు తగ్గుతుంది. లేకపోతే హెచ్‌డీఎంఐ బదులు ఆప్టికల్ తీగ వేయాలి. అందులో నడిచేది వెలుగు, దానికి ఎర్త్‌తో సంబంధమే లేదు. కాకపోతే ఆప్టికల్‌లో సీఈసీ ఉండదు కాబట్టి టీవీ రిమోట్‌తో వాల్యూమ్ కదలకపోవచ్చు, డాల్బీ డిజిటల్ 5.1 దాటి పైకి వెళ్లదు. కొత్త తీగ కొసన పారదర్శకమైన ప్లాస్టిక్ టోపీ ఉంటుంది, తీయడం మరిచిపోతే గుచ్చినా కూర్చోదు. మోత పోవాలని ప్లగ్గు మూడో పిన్ విరిచే అలవాటు మాత్రం వద్దే వద్దు. ఆ ఎర్త్ పిన్ ఉన్నది మనుషులకి షాక్ కొట్టకుండా.

టీవీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఈ సెట్టింగులు చెదిరే అవకాశం ఉంది. అందుకని రిమోట్ బ్యాటరీ మూత లోపల చిన్న కాగితం అంటించడమైంది: ‘ఏఆర్‌సీ, ఆటో, డిలే 60’.