కమిటీ వేశారు సరే, ఎవరి పని ఎవరిది?

మన వర్సిటీల్లో ఏ సమస్య వచ్చినా మొదట వినిపించే మాట ‘కమిటీ వేశాం’. ఆ మాట విన్నప్పుడు మూడు సంగతులు అడగాలి. ఈ కమిటీ సిఫారసు మాత్రమే చేస్తుందా, నిర్ణయం కూడా చేస్తుందా? నిర్ణయం అయ్యాక ప్రొసీడింగ్స్ (అధికారిక ఉత్తర్వు) మీద సంతకం ఎవరిది? ఎప్పటిలోగా? ఈ మూడింటికీ కాగితం మీద జవాబు లేకపోతే ఆ కమిటీలో ఎంత పెద్దవాళ్లున్నా పని ముందుకు కదలదు. ఎస్కేయూ (అనంతపురం శ్రీకృష్ణదేవరాయ), యోగి వేమన (కడప), రాయలసీమ (కర్నూలు) వర్సిటీల్లో కొత్తగా కమిటీల్లోకి వస్తున్న అధ్యాపకులకూ, విద్యార్థి ప్రతినిధులకూ, ఆఫీసు సిబ్బందికీ ఉపయోగపడాలని ఇది రాస్తున్నాను.

ముందు ఏ చట్టం కింద ఉన్నామో చూసుకోవాలి. అనంతపురంలోనే మూడు రకాలున్నాయి. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1968లో ఎస్వీ యూనివర్సిటీ పీజీ సెంటర్‌గా మొదలై 1981లో వర్సిటీ అయింది. ఇప్పుడు 1991 నాటి రాష్ట్ర విశ్వవిద్యాలయాల చట్టం కింద నడుస్తోంది. జేఎన్‌టీయూ అనంతపురానికి 2008 నాటి సొంత చట్టం ఉంది. 2018లో తరగతులు మొదలుపెట్టిన సెంట్రల్ యూనివర్సిటీకి 2009 నాటి కేంద్ర చట్టం వర్తిస్తుంది. దాన్ని 2019 సవరణతో అందులో చేర్చారు. రాష్ట్ర వర్సిటీకి కులపతి గవర్నరు. కేంద్ర వర్సిటీకి విజిటర్ రాష్ట్రపతి. ఒకచోట అకడమిక్ సెనేట్ అన్నదానికి ఇంకోచోట అకడమిక్ కౌన్సిల్ అని పేరు. పాలకమండలి అన్నిచోట్లా ఉన్నా సభ్యులు వేరు, అధికారాలు వేరు. పక్క వర్సిటీ ఫైలు చూసి ఇక్కడ తీర్మానం రాసేస్తే తర్వాత ఆడిట్‌లో పట్టుకుంటారు. అందుకే అజెండా నోటు మొదటి పేరాలోనే ‘ఫలానా సెక్షన్ కింద ఈ విషయం మండలి ముందు పెడుతున్నాం’ అని రాయడం అలవాటు చేసుకోవాలి.

అనంతపురం జిల్లా చెరువుల కింద పాత పద్ధతి ఒకటుంది. నీళ్లు ఎప్పుడు వదలాలో ఆయకట్టు రైతులంతా కూర్చుని తేల్చుకుంటారు, తూము ఎత్తేది మాత్రం నీరుగంటి ఒక్కడే. వర్సిటీ పాలన కూడా ఇలాగే ఉండాలి. తేల్చేది పదిమంది, అమలు చేసేది పేరున్న ఒక మనిషి. మన దగ్గర ఎక్కువగా చెడేది రెండో భాగం. ‘తగు చర్యలు తీసుకోవాలని తీర్మానించడమైనది’ అని మినిట్స్‌లో, అంటే సమావేశం రికార్డులో, రాస్తారు. ఎవరు తీసుకోవాలో ఉండదు. రిజిస్ట్రార్ ఆఫీసు డీన్ చేస్తారనుకుంటుంది, డీన్ ఆఫీసు రిజిస్ట్రార్ నుంచి ప్రొసీడింగ్స్ రావాలంటుంది, సెమిస్టర్ గడిచిపోతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఎమ్మెస్సీ గణితంలో కొత్త ఎలక్టివ్ పెట్టాలి. మొదటి మెట్టు బోర్డ్ ఆఫ్ స్టడీస్ (బీఓఎస్). దాని పని సబ్జెక్టు వరకే: యూనిట్లు, పుస్తకాలు, మోడల్ ప్రశ్నపత్రం. తర్వాత సెనేట్. ఎన్ని క్రెడిట్లు, ఎవరికి అర్హత, ఇతర శాఖల పేపర్లతో గొడవ ఉందా, ఇవి అక్కడ తేలాలి. బీఓఎస్‌లో నలుగురు సబ్జెక్టు నిపుణులు ఒప్పుకున్న సిలబస్‌లోని మూడో యూనిట్ గురించి సెనేట్‌లో నలభై మంది గంటసేపు వాదించడం వృథా. అదే సెనేట్ క్రెడిట్ల లెక్క చూడకుండా వదిలేస్తే అది నిజమైన తప్పు. ఏ మెట్టు దగ్గర ఏది చూడాలో చైర్మన్ గట్టిగా చెప్పగలిగితే సగం సమయం మిగులుతుంది.

బీఓఎస్‌కు వెళ్లే కాగితాల్లో తప్పక ఉండాల్సినవి చెబుతాను. పాత సిలబస్, కొత్తది పక్కపక్కన రెండు కాలమ్‌లలో. ఏ బ్యాచ్ నుంచి అమలు. ఎవరు చెబుతారు, వారికి ఇప్పటికే వారానికి ఎన్ని గంటలున్నాయి. చెప్పిన పుస్తకాలు లైబ్రరీలో ఉన్నాయా. అన్నింటికంటే ఎక్కువగా మరిచిపోయేది బ్యాక్‌లాగ్ విద్యార్థుల సంగతి. పాత సిలబస్‌లో ఫెయిలైనవారికి పాత ప్రశ్నపత్రం ఇంకా ఎన్నిసార్లు ఇస్తారు, ఆ తర్వాత వాళ్లు రాయాల్సిన సమానమైన పేపర్ ఏది? ఈ ఒక్క వాక్యం లేక పరీక్షల విభాగం ముందు పిల్లలు బారులు తీరి నిలబడతారు. 2023-24లో డిగ్రీలో సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) వచ్చినట్టు పెద్ద మార్పు వచ్చినప్పుడు ఈ సమానత పట్టిక ఇంకా ముఖ్యం. పట్టికను బోర్డే తయారు చేయాలి. పరీక్షల విభాగం గుమాస్తా మీద వదిలేసే పని కాదది.

తేదీలు వెనక నుంచి లెక్కపెట్టుకోవాలి. జూన్, జూలైలో తరగతులంటే ఏప్రిల్‌కల్లా పాలకమండలి ఆమోదం అవసరం, మార్చిలో సెనేట్, జనవరి లేదా ఫిబ్రవరిలో బీఓఎస్. మేలో బీఓఎస్ పెట్టి, మిగతా రెండు మెట్లనూ ‘ఆమోదానికి లోబడి’ అన్న మాటతో దాటించడం చాలాచోట్ల చూస్తాం. ఆ తర్వాత సెనేట్ ఏదైనా మార్చమంటే, అప్పటికే సగం చెప్పిన పాఠాన్ని ఏం చేయాలో ఎవరికీ తెలియదు.

డబ్బు దగ్గర మెలిక ఉంది. కొత్త కోర్సు సెనేట్‌లో నెగ్గుతుంది, పాలకమండలిలో చప్పట్లు కొడతారు, ఫైనాన్స్ కమిటీ దాన్ని చూసే ఉండదు. రెండు పోస్టులు కావాలి, ల్యాబ్ కావాలి, ఏ హెడ్ (బడ్జెట్ పద్దు) నుంచో ఎవరూ రాయలేదు. రాష్ట్ర వర్సిటీలో రెగ్యులర్ పోస్టుకు ప్రభుత్వ మంజూరు కూడా కావాలి కాబట్టి చివరికి గెస్ట్ ఫ్యాకల్టీతో బండి లాగుతారు. కేంద్ర వర్సిటీల చట్టం కింది స్టాట్యూట్లలో దీనికి చక్కటి కట్టుబాటు ఉంది: కొత్త పోస్టుల ప్రతిపాదనలూ, బడ్జెట్‌లో లేని ఖర్చులూ ముందు ఫైనాన్స్ కమిటీ పరిశీలించాకే కార్యనిర్వాహక మండలికి (అక్కడి పాలకమండలి) వెళ్లాలి. ఆ కమిటీ ఏడాదికి కనీసం మూడుసార్లు కూర్చోవాలి కూడా. మిగతా వర్సిటీలు ఈ వరుసను తమ అజెండా ఫారంలో పెట్టుకోవడానికి ఏ చట్టమూ అడ్డురాదు. ‘ఆర్థిక భారం: మొదటి ఏడాది ఎంత, ఏటా ఎంత, ఏ హెడ్’ అని ఒక గడి చాలు. గడి ఖాళీగా ఉంటే ఫైలు వెనక్కి.

పాలకమండలి సంగతి. రాష్ట్ర వర్సిటీ మండలిలో ప్రభుత్వ ఉన్నతాధికారులు హోదా రీత్యా సభ్యులు. వాళ్ల ఆఫీసులు వెలగపూడి, విజయవాడ వైపు. కర్నూలుకో కడపకో అందరూ ఒకే రోజు రావడం కష్టం కాబట్టి సమావేశాలు వాయిదా పడతాయి, ఒక్కసారిగా అరవై అంశాలు పోగవుతాయి. అప్పుడు రెండు జబ్బులు పుడతాయి. ఒకటి టేబుల్ అజెండా: సమావేశం మొదలయ్యాక చేతిలో పెట్టే కాగితాలు. డబ్బు, నియామకం, క్రమశిక్షణ ఉన్న ఏ అంశాన్నీ టేబుల్ అజెండాగా తీసుకోబోమని మండలి ఒకసారి తీర్మానం చేసుకుంటే మంచిది. రెండోది ర్యాటిఫికేషన్: ముందే జరిగిపోయినదాన్ని తర్వాత ఆమోదించడం. అత్యవసరమైతే వీసీ ముందు చర్య తీసుకుని తర్వాతి సమావేశంలో చెప్పే వెసులుబాటు ఉంటుంది. కేంద్ర చట్టంలో అది స్పష్టంగా రాసి ఉంది. ఆ వెసులుబాటు తుపానుకో, కోర్టు గడువుకో ఉద్దేశించినది. అజెండాలో మూడో వంతు ర్యాటిఫికేషన్లే ఉంటే మండలి పని వీసీ ఛాంబర్‌లో జరిగిపోతోందని అర్థం. సభ్యులు అలాంటి ప్రతి అంశం పక్కనా ‘అప్పుడు ఆగితే ఏమయ్యేది?’ అని అడగాలి. ఆ ప్రశ్న, దానికిచ్చిన జవాబు మినిట్స్‌లోకి ఎక్కాలి.

మినిట్స్ రాయడం గుమాస్తా పని అనుకుంటాం గానీ, అధికారం నిజంగా పంచేది అక్కడే. ఆమోదించింది, సిఫారసు చేసింది, నమోదు చేసుకుంది, ర్యాటిఫై చేసింది: ఈ నాలుగు క్రియల్లో ఏది వాడామన్నదాన్ని బట్టి బాధ్యత ఎవరిదో మారిపోతుంది. ‘నమోదు చేసుకుంది’ అని రాసిన అంశం మీద బిల్లు పాస్ చేస్తే అకౌంట్స్ విభాగం ఇరుక్కుంటుంది. ప్రతి తీర్మానం కింద ఒక హోదా, ఒక తేదీ ఉండాలి. ముసాయిదా మూడు నాలుగు రోజుల్లో సభ్యులకు మెయిల్‌లో వెళ్లాలి. నెల తర్వాత పంపితే ఎవరేమన్నారో ఎవరికీ గుర్తుండదు, రాసినవారి మాటే తీర్మానమైపోతుంది. భిన్నాభిప్రాయం చెప్పిన సభ్యుడు సమావేశంలోనే ‘నా మాట రికార్డు చేయండి’ అనాలి, అదే రోజు రాతపూర్వకంగా ఇవ్వాలి. తర్వాతి సమావేశంలో మొదటి అంశం పాత మినిట్స్ ఖరారు, రెండోది ఏటీఆర్ (తీసుకున్న చర్యల నివేదిక). ఏటీఆర్‌లో ‘పరిశీలనలో ఉంది’ అన్న మాట వరుసగా రెండుసార్లు కనిపిస్తే ఆ అంశాన్ని మళ్లీ అజెండాకు ఎక్కించాలి.

నియామకాల్లో కోరం (తప్పక హాజరు కావాల్సిన కనీస సభ్యుల సంఖ్య) ప్రాణం. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ ఎంపిక కమిటీకి కనీసం నలుగురు ఉండాలి, వారిలో ఇద్దరు బయటి సబ్జెక్టు నిపుణులు. హైదరాబాద్ నుంచి రావాల్సిన నిపుణుడి రైలు ఆలస్యమైందని మిగతావాళ్లతో కానిచ్చేస్తే, ఏళ్ల తర్వాత హైకోర్టులో ఆ నియామకం కూలిపోవచ్చు. నష్టపోయేది ఏ తప్పూ లేని అభ్యర్థి. అందుకే బయటి నిపుణులను అవసరానికి మించి ఒకరినైనా ఎక్కువ పిలవాలి.

ఫిర్యాదుల కమిటీల దగ్గర హద్దులు చెరిగిపోతే జరిగే హాని మరీ పెద్దది. లైంగిక వేధింపుల ఫిర్యాదు అంతర్గత ఫిర్యాదుల కమిటీకే వెళ్లాలి. హెచ్‌ఓడీ (శాఖాధిపతి) ‘మన శాఖలోనే మాట్లాడుకుందాం’ అనడానికి వీల్లేదు. 2015 యూజీసీ నిబంధనల ప్రకారం సీనియర్ మహిళా అధ్యాపకురాలు అధ్యక్షురాలు, ఇద్దరు అధ్యాపకులు, ఇద్దరు బోధనేతర ఉద్యోగులు, విద్యార్థుల ప్రమేయం ఉంటే ముగ్గురు విద్యార్థి సభ్యులు, బయటి నుంచి ఒకరు; మొత్తంలో కనీసం సగం మంది మహిళలు. వీసీ, రిజిస్ట్రార్, డీన్లు, హెచ్‌ఓడీల వంటి పదవుల్లో ఉన్నవారు అందులో ఉండకూడదు. మన కాలేజీలు తరచూ తప్పేది ఇక్కడే, ప్రిన్సిపాల్‌నే చైర్మన్‌గా పెట్టేస్తారు. సంఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు, 90 రోజుల్లో విచారణ, అది ముగిశాక పది రోజుల్లో నివేదిక, ఆపై 30 రోజుల్లో యాజమాన్యం చర్య. విచారించేది కమిటీ, శిక్ష అమలు చేసేది పరిపాలన. ఈ రెంటినీ వేరుగా ఉంచడం వల్లే ఫిర్యాదు చేసినవారికీ, ఆరోపణ ఎదుర్కొన్నవారికీ రక్షణ.

ర్యాగింగ్ విషయంలో 2009 నిబంధనలు చేసిన పంపకం నాకు చాలా నచ్చుతుంది. యాంటీ ర్యాగింగ్ కమిటీలో సంస్థాధిపతి, పోలీసు, రెవెన్యూ వైపు ప్రతినిధులు, స్థానిక మీడియా, తల్లిదండ్రులు, కొత్త, పాత విద్యార్థులు అందరూ ఉంటారు. స్క్వాడ్‌లో మాత్రం క్యాంపస్ మనుషులే. రాత్రి హాస్టల్‌లో ఆకస్మికంగా తిరిగేది, అక్కడికక్కడే విచారించేది వాళ్లు. స్క్వాడ్ నివేదిస్తుంది, కమిటీ తేలుస్తుంది. నేరం ఉందని తేలితే 24 గంటల్లో ఎఫ్‌ఐఆర్ పెట్టే బాధ్యత సంస్థాధిపతిది. తిరిగిన స్క్వాడే శిక్ష కూడా వేసేస్తే పట్టుకున్నవాడే తీర్పరి అవుతాడు. అది న్యాయం కాదు, అప్పీలులో నిలవదు కూడా.

ఫీజు వాపసు, ఆపేసిన టీసీ, రాని మార్కుల జాబితా లాంటివి విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీకి. 2023 నిబంధనలు దానికి 15 పని దినాల గడువిచ్చాయి. నచ్చకపోతే మరో 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కు (విద్యార్థుల అప్పీళ్లు వినే అధికారి) అప్పీలు. కమిటీలో కనీసం ఒక మహిళ, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీల నుంచి కనీసం ఒకరు ఉండాలి. ఏ ఫిర్యాదు ఎవరికో ఒక్క కాగితం మీద తెలుగులో రాసి హాస్టల్ నోటీసు బోర్డులో, ప్రవేశాల పుస్తకంలో పెట్టాలి. ఆదోని నుంచో ఉరవకొండ నుంచో మొదటిసారి వర్సిటీకి వచ్చిన అమ్మాయికి ఆ కాగితం కనబడాలి. వెబ్‌సైట్ మూలన ఇంగ్లిష్ పీడీఎఫ్ పెట్టి ఊరుకుంటే ఆమెకు చేరదు.

కొనుగోళ్ల గురించి ఒక్క మాట. స్పెసిఫికేషన్ రాసిన శాఖ మనిషి టెక్నికల్ కమిటీలో ఉండొచ్చు. ధరలు విప్పి కంపారిటివ్ స్టేట్‌మెంట్ (ధరలు పోల్చే పట్టిక) మీద సంతకం చేసే దగ్గర అకౌంట్స్ వైపు మనిషి తప్పనిసరి. సరుకు వచ్చాక స్టాక్ సరిచూసేది మూడో వ్యక్తి కావాలి. మూడు చోట్లా ఒకే సంతకం కనిపిస్తే ఫైలు ఆపాలి.

కమిటీలు ఎక్కువైపోవడం కూడా జబ్బే. న్యాక్ (వర్సిటీలకు నాణ్యత గ్రేడు ఇచ్చే సంస్థ) వస్తోందంటే ఒక్క వారంలో ముప్పై కమిటీలు పుడతాయి, అన్నింటిలో అవే ఎనిమిది పేర్లు. ఐక్యూఏసీ (వర్సిటీలోని అంతర్గత నాణ్యత విభాగం) కో-ఆర్డినేటర్ నెత్తిన అందరి పనీ పడుతుంది. ఐక్యూఏసీ బాధ్యత వివరాలు సేకరించడం, నాణ్యత లోపాలు చూపడం, ఏటా ఏక్యూఏఆర్ (వార్షిక నాణ్యత నివేదిక) పంపడం. లోపాన్ని సరిచేయాల్సింది ఆయా శాఖ. ఏటా జూన్‌లో రిజిస్ట్రార్ ఆఫీసు ఒక పెద్ద పట్టిక వేసుకోవాలి: అడ్డం కమిటీలు, నిలువు సభ్యుల పేర్లు, గడిలో పదవీకాలం ముగిసే తేదీ. ఒక పేరు ఐదు గడుల్లో కనిపిస్తే రెండు తీసేయాలి. గత రెండేళ్లలో ఒక్కసారీ కూర్చోని, ఏ చట్టమూ అడగని కమిటీని రద్దు చేస్తూ ప్రొసీడింగ్స్ ఇవ్వాలి. గడువు తీరిన సభ్యుడితో జరిగిన సమావేశం చెల్లదని ఎవరైనా కోర్టుకెక్కకముందే, పదవీకాలం ముగియడానికి మూడు నెలల ముందు కొత్త నామినేషన్ ఫైలు కదిలించాలి.