మూడు నిమిషాల కరెంటు

పన్నెండు కావస్తోంది. ఇల్లంతా నిద్రపోయింది, నాకు మాత్రం పట్టడం లేదు. కారణం మళ్లీ బుజ్జి గదే. మా ఇంట్లో నేల కింద గొట్టాల్లో వేడినీళ్లు పారి గదులు వెచ్చబడతాయి. ఆ వేడిని సరిచూసే థర్మోస్టాట్‌లో 21 డిగ్రీలు పెట్టాం. పొద్దున చూస్తే 19, సాయంత్రం 23. పొద్దున మేజోళ్లు తొడుక్కుని కూర్చుంటుంది, సాయంత్రం కిటికీ తెరిచి పెడుతుంది. నోరు తెరిచి ఒక్క మాట అనదు. అదే నాకు మరీ కష్టంగా ఉంది.

జర్మనీకి వచ్చిన ఇన్నేళ్లలో ఇంతగా ఎవరి మీదా కోపం రాలేదు. మొన్న వచ్చిన మెకానిక్ గుమ్మంలో వంగి, నేల మీద అరచెయ్యి ఆనించి, "బాగానే ఉంది" అన్నాడు. గది గొట్టంలోకి నీళ్లు వదిలే వాల్వుకు థర్మోస్టాట్ ప్రతి విడతలో కొంతసేపు కరెంటు ఇచ్చి, మిగతాసేపు ఆపుతుంది. ఆ విడత పది నిమిషాలే ఎందుకు పెట్టారని అడిగాను. "అన్ని ఇళ్లలోనూ అంతే పెడతాం" అన్నాడు. అది జవాబా? నేల ఎంత మందమో, ఏ గదికి ఎంత వేడి కావాలో చూడకుండా అన్నిటికీ ఒకే అంకె ఎలా సరిపోతుంది? బిల్లులో మాత్రం రానుపోను ఖర్చు కూడా వేశాడు. పైగా ఈయన, "తెలిసినవాడు చెప్పాడు కదా, వదిలెయ్" అన్నారు. రెండు రోజులుగా మా మధ్య మాటలు ముక్తసరిగానే నడుస్తున్నాయి.

ఈరోజు శనివారం కదా, వసారాలోని గొట్టాల అల్మారా తెరిచి కూర్చున్నాను. ఒక్కో గది గొట్టానికి ఒక్కో బుడిపె. దాని లోపల మైనం ఉంటుంది. కరెంటు వస్తే మైనం మెల్లగా వేడెక్కి ఉబ్బుతుంది, వాల్వు తెరుచుకుంటుంది. కరెంటు ఆగితే చల్లారి మూసుకుంటుంది. గడియారం పెట్టుకుని చూశాను. నాలుగు నిమిషాలు ఏ చలనమూ లేదు. ఆ తర్వాత బుడిపె నెత్తిన తెల్లటి మూత వెంట్రుకవాసి చొప్పున పైకి లేచింది. చాలా సంతోషం వేసింది.

అక్కడే లెక్క తేలిపోయింది. అక్టోబరులో ఆ గదికి కావలసింది పూర్తి వేడిలో మూడో వంతు కూడా కాదు. పది నిమిషాల విడతలో 30 శాతం అంటే మూడు నిమిషాల కరెంటు. మైనం కదిలేలోపే ఆగిపోతుంది. వేడి ఇస్తున్నాననే థర్మోస్టాట్ అనుకుంటుంది, నేలకు చుక్క వేడినీరు అందదు. గది చల్లబడేకొద్దీ శాతం పెంచుతూ పోతుంది. సగం దగ్గరకు వచ్చాక వాల్వు ఒక్కసారిగా తెరుచుకుంటుంది. గొట్టాల మీద ఉన్న ఆరు సెంటీమీటర్ల సిమెంటు పొర ఒకసారి కాగిందంటే గంటల తరబడి చల్లారదు. సాయంత్రం 23 అందుకే. జనవరిలో ఎప్పుడూ 60 శాతం పైనే నడుస్తుంది కాబట్టి ఈ లోపం ఎవరికీ కనబడలేదు.

మూడు నిమిషాలు అనగానే తాతయ్య గుర్తొచ్చాడు. సాగర్ ఎడమ కాలువ శివారులో మా పొలం. 1967లో కాలువకు నీళ్లు వదిలినప్పుడు పూలు చల్లినవాడు, ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఆ నీళ్ల కోసం తిరిగాడు. మా బోదెకు రోజుకు మూడు గంటలు వంతు. లస్కరు తూము ఎత్తేవాడు, నీళ్లు బయలుదేరేవి, ఎండిన బోదె దారి పొడవునా తాగేసేది. మా మడవ దగ్గరకు తడి వచ్చేసరికి తూము దిగిపోయేది. లాంతరు పట్టుకుని నేనూ వెంట వెళ్లేదాన్ని. బీటల మీద పాకుతూ వచ్చిన నీటి నాలుక మా గట్టుకు పది అడుగుల దూరంలో ఆగిపోవడం నా కళ్లతో చూశాను. తాతయ్య చెయ్యి నా భుజం మీద బిగుసుకున్నది ఇప్పటికీ తెలుస్తూనే ఉంటుంది. ఆయన ఎక్కువ నీళ్లు అడగలేదు. "రోజూ మూడు గంటలు వద్దు, నాలుగు రోజులకొకసారి పన్నెండు గంటలు ఆగకుండా ఇవ్వండి" అన్నాడు. అవే నీళ్లు. అది అర్థం చేసుకోవడానికి వాళ్లకు రెండు పంటల కాలం పట్టింది.

అందుకే మధ్యాహ్నం అన్ని గదులకూ విడత ఇరవై నిమిషాలు చేసేశాను. 30 శాతం అంటే ఇప్పుడు ఆరు నిమిషాలు. కరెంటు ఆగాక కూడా మైనం చల్లారేదాకా వాల్వు కాసేపు తెరిచే ఉంటుంది, మొదట పోయిన నిమిషాలు అలా చివర్లో దక్కుతాయి.

సాయంత్రం అత్తయ్యగారు స్నానానికి వెళ్లొచ్చి, "గోడకున్న ఆ కమ్మీలు ఒకసారి కాలిపోతున్నాయి, ఒకసారి మంచులా ఉంటున్నాయి, ఏమిటమ్మా?" అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది, తాతయ్య మాటకు ఊళ్లో అడ్డుపడిన మనిషి. నారుమడి వేసుకున్న ఒక పెద్దమ్మ. "నీ రేగడి నాలుగు రోజులు ఆగుతుంది, నా నారు ఆగుతుందా?" అని నిలదీసింది. ఆమె అన్నదీ నిజమే. స్నానాల గదిలోని ఆ కమ్మీలు వేడినీళ్లు పారే పలుచటి ఇనుప గొట్టాలు, ఇట్టే కాగి ఇట్టే చల్లారతాయి. పైగా అక్కడ ఎప్పుడూ సగానికి పైనే నడుస్తుంది, మైనానికి సమయం చాలుతుంది. దానికి పది నిమిషాలే సరి. మళ్లీ పదికి తెచ్చాను. అంటే ఆ మెకానిక్ అంకె తప్పు కాదు. నేలకు తప్పు, కమ్మీలకు ఒప్పు. మధ్యాహ్నం నేను చేసిందీ అన్నిటికీ ఒకే అంకె పెట్టడమే. కోపం సగం తగ్గింది. అడిగినదానికి జవాబు చెప్పనందుకు మిగతా సగం అలాగే ఉంది.

నేల సంగతి పొద్దున గాని తెలియదు. ఈయనకు ఇంకా చెప్పలేదు.

ఇప్పుడే వసారాలో వాల్వుకు కరెంటు ఇచ్చే రిలే టక్కుమంది. బుజ్జి గదిదే. తెల్ల మూత లేచేదాకా చూసి పడుకుంటాను.